రెండు నగరాల మధ్య దూరం, విమాన సమయం చెప్పే సైట్లు: ఆరేళ్ల వాడకం తర్వాత

రెండు నగరాల పేర్లు ఇస్తే వాటి మధ్య దూరాన్నీ, విమానంలో పట్టే సమయాన్నీ క్షణంలో చూపే వెబ్‌సైట్లను ఆరేళ్లుగా ఉద్యోగరీత్యా వాడుతున్నాను. అవి చెప్పే దూరాన్ని నిశ్చింతగా నమ్మవచ్చు. సమయాన్ని మాత్రం ఉన్నదున్నట్టు తీసుకోకూడదు.

ఈ సైట్లలో చాలావరకు భూమిని గోళంగా భావించి, సగటు వ్యాసార్ధాన్ని 6,371 కిలోమీటర్లుగా తీసుకుని, రెండు చోట్ల అక్షాంశ రేఖాంశాలను బట్టి అతి దగ్గరి దారిని లెక్కగడతాయి. ధ్రువాల దగ్గర భూమి కాస్త నొక్కుకుపోయి ఉన్నందువల్ల వచ్చే తేడా సుమారు అర శాతానికి మించదు. లండన్ నుంచి లాస్ ఏంజెలెస్‌కు దారి గ్రీన్‌లాండ్ మీదుగా వంపు తిరిగి కనిపించినప్పుడు మొదట పొరపాటనుకున్నాను. గ్లోబు ముందు పెట్టుకుని, ఆ రెండు ఊళ్ల మీద దారం కొసలను వేళ్లతో అదిమి బిగించాను. దారం మెల్లగా పైకి జరిగి గ్రీన్‌లాండ్ మీదికి వచ్చి ఆగింది. ఆ రోజు నుంచి దూరం గురించి నాకు అనుమానం లేదు. అయితే కొన్ని సైట్లు నగర కేంద్రాల మధ్య, మరికొన్ని విమానాశ్రయాల మధ్య కొలుస్తాయి కాబట్టి అంకెల్లో కొద్దిపాటి తేడా రావడం సహజమే.

సమయం లెక్క అంత పక్కాగా ఉండదు. గంటకు 800 నుంచి 900 కిలోమీటర్ల వేగంతో దూరాన్ని భాగించి, విమానం పైకి లేవడానికీ కిందికి దిగడానికీ ఒక అరగంట కలపడమే చాలా సైట్లు చేసే పని. అందులో గాలి ఊసే ఉండదు. లండన్, న్యూయార్క్‌ల మధ్య సుమారు 5,540 కిలోమీటర్లు. పడమర వైపు వెళ్లడానికి ఎనిమిది గంటలు, తిరిగి రావడానికి ఏడు గంటల దాకా పడుతుంది. పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ ఒకవైపు ఎదురుగాలి, మరోవైపు విమానాన్ని తోసే గాలి. 2016లో ఎయిర్ ఇండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ మీదుగా కాక పసిఫిక్ మీదుగా నడిపింది. దారి పెరిగి 15,300 కిలోమీటర్లయినా, గాలి తోడవడంతో ముందుకన్నా తక్కువ సమయంలో చేరింది. అలాగే 2022లో రష్యా గగనతలం మూతపడ్డాక, అంతకుముందు తొమ్మిదిన్నర గంటల్లోపే ముగిసే హెల్సింకి–టోక్యో ప్రయాణం దాదాపు పదమూడు గంటలకు పెరిగింది. నగరాలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

ఇది నాకు నష్టంతోనే తెలిసింది. ఒక సైటు చూపిన సమయాన్ని నమ్మి, గంటన్నర వ్యవధిలో మరో విమానానికి విడిగా టికెట్ తీసుకున్నాను. విమానం గేటు వదిలాక రన్‌వే కోసం వరుసలో నిలబడే సమయాన్ని ఆ లెక్క పట్టించుకోలేదు. యాభై నిమిషాలు ఆలస్యంగా దిగేసరికి రెండో విమానం చెకిన్ మూసేశారు. టికెట్లు వేర్వేరు కావడంతో డబ్బు తిరిగి రాలేదు.

ఇప్పుడు దూరాన్ని సైటులో చూసి, సమయానికి విమాన సంస్థ టైమ్‌టేబుల్‌నే తెరుస్తున్నాను. అందులోని సమయం గేటు నుంచి గేటు దాకా లెక్కించినది. బయలుదేరే వేళ, చేరే వేళ ఏ ఊరివి ఆ ఊరి గడియారం ప్రకారమే ఉంటాయని మరవకూడదు. న్యూయార్క్‌లో రాత్రి 7 గంటలకు బయలుదేరి లండన్‌లో ఉదయం 7 గంటలకు దిగితే, ఐదు గంటల కాలభేదం తీసివేయగా ప్రయాణం ఏడు గంటలే. వెళ్లే సమయాన్నీ తిరిగి వచ్చే సమయాన్నీ విడివిడిగా చూపే సైటు దొరికితే, ముందుగా దానినే వాడమని చెబుతాను.