పాక్‌మ్యాన్: 1980 నాటిదా, 2007 నాటిదా?

జపాన్ కంపెనీ నామ్‌కో 1980లో తెచ్చిన వీడియో గేమ్ పాక్‌మ్యాన్, 2007లో వచ్చిన పాక్‌మ్యాన్ ఛాంపియన్‌షిప్ ఎడిషన్, రెండిటి వెనకా ఉన్నది డిజైనర్ తోరు ఇవాతానియే. అయినా ఆడుతుంటే రెండూ వేరే లోకాలు.

పాతదానిలో దారులు మారవు. 240 చుక్కలు, మూలల దగ్గర నాలుగు పెద్ద చుక్కలు. అన్నీ తింటేనే తర్వాతి లెవల్. అసలు మజా దయ్యాల్లో ఉంది. ఎర్రది నేరుగా వెంటపడుతుంది, గులాబీ రంగుది మనం వెళ్లబోయే చోటికి ముందే అడ్డం వస్తుంది. పక్క సొరంగంలోకి దూరితే అవి నెమ్మదిస్తాయి, మనం నెమ్మదించం. తరుముకొస్తున్న దయ్యం అక్కడ వెనకబడిపోతుంటే ప్రాణం లేచొస్తుంది!

కొత్తదానిలో టెన్షన్ అంతా గడియారంతోనే. అసలు పోటీ ఐదు నిమిషాలే. తెర మీద ఒక సగంలో చుక్కలు ఖాళీ చేస్తే అవతలి సగంలో పండు వస్తుంది. అది తినగానే ఖాళీ అయిన సగంలో కొత్త చుక్కలు, కొత్త దారులు. వేగం పెరుగుతూనే ఉంటుంది. రంగులు, సంగీతం బాగున్నాయి.

తీరిక తక్కువైతే కొత్తదే ఆడండి, ఐదు నిమిషాల్లో ఒంట్లో హుషారొస్తుంది. నా ఓటు మాత్రం పాతదానికే. ఒక్కో దయ్యం స్వభావం ఆడుతూ ఆడుతూ పట్టుకోవడంలో ఉన్న ఆనందం కొత్తదాని పరుగులో నాకు దొరకలేదు.