తలకోనలో రెండు రోజుల క్షేత్ర అధ్యయన శిబిరం: వాగు బాగా చెప్పారు, అడవిని వదిలేశారు

తిరుపతి చుట్టుపక్కల డిగ్రీ కళాశాలల జీవశాస్త్ర విద్యార్థుల కోసం తలకోనలో రెండు రోజుల క్షేత్ర అధ్యయన శిబిరం నిర్వహించే ఒక చిన్న సంస్థ సేవను మేము గత డిసెంబరు రెండో వారంలో వినియోగించుకున్నాము. నేను జంతుశాస్త్రం బోధిస్తాను. నా వెంట రెండో సంవత్సరం విద్యార్థులు 28 మంది, వృక్షశాస్త్ర విభాగం నుంచి ఒక సహాధ్యాపకురాలు వచ్చారు. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. నాకు కనిపించిన లోపాలన్నీ వారికి ఉత్తరంలో తెలియజేశాను కాబట్టి, సరిదిద్దుకోవడానికి కొంత వ్యవధి ఇవ్వడం న్యాయమనిపించింది. ఇటువంటి శిబిరానికి విద్యార్థులను తీసుకువెళ్లాలనుకునే అధ్యాపకులు డబ్బు కట్టే ముందు ఏమేమి అడిగి తెలుసుకోవాలో చెప్పడమే ఈ సమీక్ష ఉద్దేశం.

తలకు 1,650 రూపాయలు తీసుకున్నారు. తిరుపతి నుంచి రానుపోను బస్సు, ఒక రాత్రి బస, రెండు రోజుల భోజనం, పరికరాలు, అడవిలో ప్రవేశానికి కావలసిన అనుమతులు అన్నీ అందులోనే. తలకోన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం పరిధిలో ఉంది. శేషాచలం కొండలను 2010లో బయోస్ఫియర్ రిజర్వుగా, అంటే జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా, ప్రకటించారు. ఇటువంటి చోట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఆకు తుంచాలన్నా, పురుగును పట్టాలన్నా అటవీ శాఖ అనుమతి ఉండాలి. గతంలో మేమే సొంతంగా ప్రయత్నించినప్పుడు ఆ కాగితాల కోసం మూడు వారాలు తిరిగాము. ఈసారి అనుమతి పత్రం నకలు బస్సు ఎక్కకముందే నా చేతికి వచ్చింది. పట్టిన ప్రతి జీవినీ చూసిన చోటే, చూసిన వెంటనే వదిలేయాలన్న షరతును విద్యార్థులకు చదివి వినిపించాకే బస్సు కదిలింది. ఈ ఒక్క విషయంలో వారికి పూర్తి మార్కులు వేస్తాను.

చంద్రగిరి, రంగంపేట దాటి, భాకరాపేట కనుమ ఎక్కి, నెరబైలు మీదుగా తొమ్మిదిన్నరకు సిద్ధేశ్వరస్వామి ఆలయం చేరాము. ఫలహారం కాగానే వాగులోకి దింపారు. 270 అడుగుల జలపాతం దగ్గరకు తీసుకువెళ్లి ఫోటోలకు గంట వదిలేస్తారేమోనని నాకున్న భయం తీరిపోయింది. జలపాతానికి బాగా దిగువన, మోకాటి లోతు దాటని చోట, ఐదారుగురు చొప్పున ఐదు జట్లు చేసి, ఒక్కొక్క జట్టుకు పది మీటర్ల వాగు ముక్కను అప్పగించారు. మోకాటి పైకి నీళ్లున్న చోటికి ఎవరూ వెళ్లకూడదన్న నియమాన్ని చివరిదాకా గట్టిగా అమలు చేశారు. అక్కడి గుండాల అడుగున పాచి పట్టిన బండలు ఎంత ప్రమాదకరమో తెలిసినవారికి ఈ కఠినత్వం విలువ అర్థమవుతుంది.

మొదటి పాఠం ప్రవాహం కొలవడం. పరికరం నిమ్మకాయ. పది మీటర్ల టేపు పరిచి, ఎగువన నిమ్మకాయ వదిలి, దిగువకు చేరడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడటమే పని. మా మూడో జట్టుకు సగటున 24 సెకన్లు వచ్చింది. వాగు వెడల్పు 2.4 మీటర్లు, సగటు లోతు 18 సెంటీమీటర్లు. వీటిని గుణించి సెకనుకు 180 లీటర్లని ఫారంలో రాసుకున్నారు. ఇక్కడే తొలి పొరపాటు. నీటి ఉపరితలం వేగంగా కదులుతుంది, అడుగున రాళ్ల రాపిడి వల్ల నెమ్మదిస్తుంది; అందుకే నిమ్మకాయ చూపిన వేగాన్ని సుమారు 0.85తో గుణించాలని ఏ పాఠ్యపుస్తకమైనా చెబుతుంది. అప్పుడు అది 153 లీటర్లకు తగ్గుతుంది. సంస్థ ముద్రించిన ఫారంలో ఆ గుణకానికి గడే లేదు. "మేడమ్, అడుగున నీళ్లు కూడా నిమ్మకాయంత జోరుగా పోతాయా?" అని ఒక అమ్మాయి అడిగే వరకు శిక్షకుడికి గుర్తు రాలేదు. అడిగాక మాత్రం ఆయన తప్పు ఒప్పుకుని, అక్కడికక్కడే అందరి లెక్కలూ దిద్దించాడు. తెలియనిది తెలియదని విద్యార్థుల ముందు ఒప్పుకునే శిక్షకులు అరుదు కాబట్టి దీన్ని సగం లోపంగానే లెక్కిస్తున్నాను.

శిబిరం మొత్తానికి తలమానికం ఆ తరువాతి రెండు గంటలు. వల చట్రాన్ని ప్రవాహానికి ఎదురుగా నిలబెట్టి, ఎగువన కాలితో గులకరాళ్లను కదిలిస్తే కొట్టుకువచ్చేవన్నీ వలలో పడతాయి. వాటిని తెల్లటి ప్లాస్టిక్ ట్రేలోకి ఒంపి, చెంచాతో, కుంచెతో వేరు చేశారు. మూడు తోకల మేఫ్లై పిల్లపురుగులు, రాతికి బిళ్లలా అతుక్కుని ఉండే పెంకుపురుగు లార్వాలు, తూనీగ పిల్లపురుగులు, చిటికెన వేలి గోరంత పీతలు ట్రేలో తిరుగుతుంటే, ఏడాదంతా నల్లబల్ల మీద పటాలు చూసి విసిగిన పిల్లలు ఊపిరి బిగబట్టి చూశారు. తూనీగ పిల్లపురుగు కింది పెదవి ముడుచుకుని ఉండి, ఎర దగ్గరకు రాగానే చేయిలా ముందుకు సాగి పట్టుకుంటుందన్న మాటను నేను తరగతిలో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. హ్యాండ్ లెన్స్ కింద ఆ పెదవిని చూసిన కుర్రవాడికి ఇక నేను చెప్పవలసిన పనిలేదు. కాలుష్యాన్ని తట్టుకోలేని పురుగులకు ఎక్కువ మార్కులు, తట్టుకునేవాటికి తక్కువ మార్కులు వేసి నీటి నాణ్యతను అంచనా వేసే పద్ధతిని కూడా చక్కగా చేయించారు. డిసెంబరు వరద రాళ్లను కడిగేసింది కాబట్టి పురుగుల సంఖ్య తక్కువగా ఉందని, మార్కులు తగ్గినంత మాత్రాన నీరు చెడిందని రాయకూడదని శిక్షకుడు హెచ్చరించిన తీరు నాకు నచ్చింది.

నీటి రసాయన పరీక్షలు అంత తృప్తినివ్వలేదు. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను వింక్లర్ అనే రసాయన పద్ధతిలో కొలిపించారు. సీసా అడుగున గోధుమరంగు అవక్షేపం దిగడం, ఆమ్లం వేయగానే అది కరగడం, చివరి థయోసల్ఫేట్ చుక్కతో స్టార్చ్ నీలిరంగు మాయమవడం పిల్లలు తమ చేత్తో చేసి చూశారు. జలజల పారే చోట లీటరుకు 8.1 మిల్లీగ్రాములు, ఆకులు కుళ్లుతున్న ఒక పక్క మడుగులో 5.6 మిల్లీగ్రాములు వచ్చాయి. నీటి ఆమ్ల, క్షార గుణాన్ని కొలిచే పీహెచ్ మీటరు మాత్రం ఒక చోట 7.4, పదడుగుల అవతల 8.9 చూపించింది. అడిగితే, మీటరును సరిచూడటానికి వాడే, పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాల్లో (బఫర్లలో) వారి దగ్గర 7 బఫర్ ఒక్కటే ఉందని తేలింది. మీటరును కనీసం రెండు బఫర్లతో సరిచూడకపోతే అది చూపే అంకెకు అర్థం లేదు. పీహెచ్ గడిని మా విద్యార్థుల చేత కొట్టివేయించాను.

రెండో రోజు అడవి. నిజం చెప్పాలంటే ఆ రోజు సాయంత్రానికి నాకు కోపం వచ్చింది. కొబ్బరి తాడుతో పది మీటర్ల చతురస్రాలు రెండే కట్టి, ఒక్కొక్క దానిలోకి 14 మందిని పంపారు. అంతమంది తొక్కితే నేల మీది మొలకలను లెక్కపెట్టడం ఎలా? 1.37 మీటర్ల ఎత్తున చెట్టు చుట్టుకొలత తీయించి, దాన్ని 3.14తో భాగించి వ్యాసం రాయించారు, అంతవరకు సరే. చెట్టు పేరు దగ్గర మాత్రం ఇద్దరు శిక్షకులూ ఫోన్‌లో యాప్ తెరిచారు. సిగ్నల్ లేదు.

ఆ పూట పరువు కాపాడినవాడు సంస్థ దారి చూపడానికి తెచ్చుకున్న నెరబైలు వైపు పెద్దాయన. ఆయన ఒకప్పుడు అడవిలో మంటలను కనిపెట్టి ఉండే ఫైర్ వాచర్‌గా పనిచేశాడట. ఎర్రచందనం చెట్టు దగ్గర ఆగి, "ఈ మాను తోలు చూడు నాయనా, మొసలి వీపు మాదిరి ఉండాది" అన్నాడు. నల్లటి బెరడు దీర్ఘచతురస్రాలుగా పగిలిన ఆ చెట్టును ఇక మా పిల్లలు జీవితంలో మరచిపోరు. తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని చెట్టు అది. వార్తల్లో దుంగలుగా చూడటమే తప్ప నిలబడిన చెట్టును అప్పటివరకు చూడనివారు మా జట్టులో 19 మంది ఉన్నారని చేతులెత్తించి లెక్కపెట్టాను. మొగి, తంబజాలారి, కొండసాంబ్రాణి చెట్లను ఆయన బెరడు, బంక వాసనతోనే చెప్పాడు. వాగు మీదుగా ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పాకిన గిల్లతీగను, మీటరుకు పైగా పొడవుండే దాని కాయలను చూపించాడు. మా వృక్షశాస్త్ర మేడమ్ ఒక్కొక్క దానికి శాస్త్రీయనామం చెబుతూ వచ్చారు. అంటే అడవి పాఠాన్ని డబ్బు తీసుకున్న శిక్షకులు కాక, దారి చూపడానికి వచ్చిన పెద్దాయన, డబ్బు కట్టి వచ్చిన అధ్యాపకురాలు కలిసి చెప్పారు.

అయితే నా అసలు ఫిర్యాదు యాప్ గురించీ కాదు, బఫర్ గురించీ కాదు. వాగును ఒక రోజు, అడవిని మరో రోజు, రెండు రంగుల ఫారాలతో, ఒకదానితో ఒకటికి సంబంధం లేని రెండు అధ్యాయాలుగా ఈ శిబిరం నేర్పుతోంది. నీడ కమ్మిన చిన్న కొండవాగులో ఎండ నేలకు దిగడమే తక్కువ, కాబట్టి నీటిలో నాచు పెద్దగా పెరగదు. అక్కడి జీవులకు ఆహారంలో అధికభాగం గట్టు మీది చెట్ల నుంచి రాలిన ఆకే. ఆకు నీటిలో నానుతుంది, దాని మీద బూజు, బాక్టీరియా పెరుగుతాయి, మెత్తబడిన ఆ ఆకును పీతలు, పురుగులు కొరుకుతాయి, వాటిని తూనీగ పిల్లపురుగులు, చేపలు తింటాయి. మడుగులో ఆక్సిజన్ 5.6కు పడిపోవడానికి కారణం కూడా ఆ ఆకే. శిక్షకులు ఆ అంకెను రాయించారు గానీ, ఎందుకలా వచ్చిందో అడగలేదు.

మొదటి రోజే ఈ సంగతి వారి చేతికి అందివచ్చింది. ఒక విద్యార్థిని ట్రేలోని ఆకుముక్కను చెంచాతో తీసి పారేయబోతే అది నడిచింది. లెన్స్‌తో చూస్తే, కోసిన రెండు ఆకుముక్కలను పట్టుదారంతో అతికించి కట్టుకున్న గూడు, దాని అంచు నుంచి తల బయటపెట్టిన క్యాడిస్‌ఫ్లై అనే పురుగు లార్వా. ఆ అమ్మాయి దాన్ని నీలం రంగు వాగు ఫారంలో గీసింది. మరునాడు ఆకుపచ్చ రంగు అడవి ఫారం చేతికివ్వగానే, "సార్, ఆ గూటి ఆకు ఏ చెట్టుదో ఇందులో రాయాలి కదా?" అని శిక్షకుడిని అడిగింది. నిన్నటి పని నిన్నటితో అయిపోయిందని సమాధానం వచ్చింది. కాస్త దూరంలో కూర్చున్న పెద్దాయన మాత్రం, "గట్టు మీది ఆకంతా వాగులోకే పోతాది కదమ్మా, పీతలకి అదే సద్ది" అన్నాడు. వాగు పక్కన తెల్లమద్ది, నేరేడు పచ్చగా నిలబడితే, రెండు వందల అడుగులు పైకి ఎక్కగానే ఆకు రాల్చే చెట్లు మొదలవుతాయని, పైనుంచి ఎండాకు గాలికి దొర్లుకుంటూ గుండాల్లోకి చేరుతుందని కూడా ఆయనే చూపించాడు. గట్టు మీది ఆకు వాగులోకే పోతుందన్న ఆయన వాక్యం సంస్థ కరపత్రంలో మొదటి పేజీలో ఉండవలసింది.

దీన్ని సరిచేయడానికి పెద్ద ఖర్చు అక్కరలేదని ఉత్తరంలో రాశాను. మద్ది, నేరేడు, ఎర్రచందనం వంటి మూడు రకాల ఎండుటాకులను రాలినవే ఏరి, ఐదేసి గ్రాములు తూచి, నైలాన్ వల సంచుల్లో కట్టి, అనుమతి తీసుకుని వాగులో రాళ్ల కింద ఉంచాలి. సగం సంచులకు పురుగులు దూరగలిగే పెద్ద కన్నాలు, సగానికి దూరలేని సన్నని కన్నాలు ఉండాలి. నెల తరువాత తీసి, ఆరబెట్టి, మళ్లీ తూస్తే ఏ ఆకు త్వరగా కరిగిందో, అందులో పురుగుల వాటా ఎంతో, బూజుల వాటా ఎంతో విద్యార్థులే తేల్చగలరు. రెండోసారి అందరూ వెళ్లనవసరం లేదు, నలుగురు వెళ్లి సంచులు తెచ్చినా చాలు. కాలం కూడా మార్చాలి. ఈశాన్య రుతుపవనాల వరద తగ్గి, కొండ మీద ఆకు రాలడం మొదలయ్యే జనవరి చివర, ఫిబ్రవరి మొదటి వారాలు ఈ పనికి అనుకూలం. ఆ తరువాత ఎండలు ముదిరితే అడవిలో మంటల భయం, వాగులో నీటి కరవు రెండూ మొదలవుతాయి.

భోజనం గురించి ఒక మాట. రెండో రోజు మధ్యాహ్నం పెట్టిన రాగిసంగటి, శనక్కాయల చట్నీ గురించి పిల్లలు ఇంకా చెప్పుకుంటున్నారు. బస శుభ్రంగా ఉంది, కానీ తడిసిన బట్టలు మార్చుకోవడానికి వాగు దగ్గర అమ్మాయిలకు చాటు లేదు. ఒక గుడారం గుడ్డ తెచ్చుకుంటే సరిపోయేది. జారని రబ్బరు చెప్పులు తెచ్చుకోవాలని ముందుగా చెప్పలేదు, అందువల్ల ఆరుగురు బూట్లతో దిగి రెండు రోజులూ తడి కాళ్లతో తిరిగారు.

మొత్తం మీద ఐదుకు మూడు ఇస్తాను. వాగు ఒక్కటే అయితే నాలుగున్నర. సంస్థ నుంచి వారం లోపే జవాబు వచ్చింది: పీహెచ్ బఫర్లు కొన్నారు, ఫారంలో 0.85 గడి చేర్చారు, ఆకు సంచులకు అనుమతి అడుగుతామన్నారు. రెండు ఫారాలను ఒకటి చేయడం గురించి మాత్రం ఏమీ రాయలేదు. ఫిబ్రవరి బృందానికి బయానా కట్టే ముందు ఆ ఒక్క ప్రశ్నకు సమాధానం, ఆ పెద్దాయన రెండు రోజులూ మాతో ఉంటాడన్న హామీ రాతపూర్వకంగా అడిగాను.