టాలీ పాఠాల వీడియోలకు డీఆర్‌ఎం: చాలాకాలం వాడాక తేలింది

టాలీ, జీఎస్టీ పాఠాల వీడియోలు అమ్మేవాళ్లకు డీఆర్‌ఎం (వీడియోకు తాళం వేసి, అనుమతి ఉన్నవాళ్లకే చూపే రక్షణ) హోస్టింగ్ మీద పెట్టే డబ్బు దండగ కాదు. అయితే అది గట్టిగా అడ్డుకునేది డౌన్‌లోడ్‌నే. స్క్రీన్ రికార్డింగ్ కొన్నిచోట్లే ఆగుతుంది. ఎదురుగా ఇంకో ఫోన్ పెట్టి తీసేవాణ్ణి ఏ డీఆర్‌ఎమ్మూ ఆపలేదు.

'ఎన్‌క్రిప్టెడ్ వీడియో' అని తక్కువ ధరకు అంటగట్టేది చాలాసార్లు ఏఈఎస్-128 హెచ్‌ఎల్‌ఎస్ (ముక్కలుగా వచ్చే వీడియోకు మామూలు తాళం) మాత్రమే. అందులో ఆ తాళం తీసే కీ కూడా బ్రౌజర్‌కే వచ్చేస్తుంది కాబట్టి, లాగిన్ అయినవాడు ఉచిత డౌన్‌లోడర్‌తో పాఠం మొత్తం దించుకోగలడు. ఆండ్రాయిడ్, క్రోమ్‌లకు గూగుల్ డీఆర్‌ఎం వైడ్‌వైన్, ఐఫోన్, సఫారీలకు యాపిల్ డీఆర్‌ఎం ఫెయిర్‌ప్లే, రెండూ ఇచ్చే సర్వీసే తీసుకోండి. ఫెయిర్‌ప్లే సర్టిఫికెట్ మీ పేరుతో తెమ్మంటే యాపిల్ డెవలపర్ ఖాతాకు ఏడాదికి 99 డాలర్లు అదనం.

అసలు చిక్కు వైడ్‌వైన్ స్థాయిల దగ్గర. గట్టిదైన ఎల్1లో డీక్రిప్షన్ (తాళం తీయడం) ఫోన్ చిప్‌లోని భద్రమైన భాగంలో జరుగుతుంది. రికార్డర్‌కు నల్ల తెరే దక్కుతుంది. విండోస్ క్రోమ్‌లో సాధారణంగా నడిచేది సాఫ్ట్‌వేర్ మీదే ఆధారపడే ఎల్3, రికార్డర్ ఆ వీడియోను చాలాసార్లు పట్టేస్తుంది. పోనీ ఎల్3 వాళ్లకు తక్కువ స్పష్టత ఉండే 480పీ చాలనుకుంటే, టాలీ వోచర్‌లో 6కీ 8కీ తేడా తెలియదు. డబ్బు కట్టినవాళ్లను అలా ఇబ్బంది పెట్టడం అన్యాయం. అందరికీ 720పీ ఇచ్చి, ఆండ్రాయిడ్ యాప్‌లో ఫ్లాగ్ సెక్యూర్ (స్క్రీన్ రికార్డింగ్‌ను ఆపే సెట్టింగ్) ఆన్ చేసి, కంప్యూటర్లకు వాటర్‌మార్క్‌ను (వీడియో మీద కనిపించే గుర్తును) నమ్ముకోవడమే మేలని నా అభిప్రాయం.

వాటర్‌మార్క్‌లో ఈమెయిల్ వద్దు, కొన్న మనిషి ఫోన్ నంబరు ఉండాలి. నంబరు బయటపడుతుందంటే ఎవరైనా వెనకాడతారు. మూలన పెడితే కత్తిరించేస్తారు. లెడ్జర్ వివరాలు కనిపించే చోటే 30 శాతం అపాసిటీతో (పాఠం కనబడేలా పలచగా), 5 నుంచి 10 సెకన్లకోసారి స్థానం మారుతూ రావాలి. కొనేముందు డెమోలో ఎఫ్12 నొక్కి (పేజీ కోడ్ తెరుచుకుంటుంది), నంబరున్న డివ్‌ను, అంటే కోడ్‌లోని ఆ భాగాన్ని, డిలీట్ చేసి చూడండి. ప్లేయర్ వెంటనే ఆగిపోకపోతే ఆ సర్వీసు వద్దు.

'వీడియో రావట్లేదు సార్' అనే ఫోన్లకు కారణాలు దాదాపు ఇవే: లింకును చాట్ యాప్ లోపలి బ్రౌజర్‌లోనే తెరవడం, క్రోమ్‌లో ప్రొటెక్టెడ్ కంటెంట్ అనుమతి ఇవ్వకపోవడం, హెచ్‌డీసీపీ (కేబుల్ దారిలో కాపీని అడ్డుకునే రక్షణ) లేని పాత మానిటర్, వీడియో నడవడానికి అనుమతించిన సైట్ల (డొమైన్) జాబితాలో డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్నదీ లేనిదీ రెండూ చేర్చకపోవడం. ఒక్కో విద్యార్థికి డివైజ్‌లు రెండు చాలు. కుకీలు చెరిపితే అదే ల్యాప్‌టాప్ కొత్త డివైజ్‌గా లెక్కలోకి వస్తుంది, కాబట్టి ఓటీపీతో రీసెట్ చేసుకునే వీలుండాలి.

పాఠాలు టెలిగ్రామ్‌లో తేలితే కాపీరైట్ నియమాలు 2013లోని 75వ నియమం కింద టెలిగ్రామ్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. వాళ్లు 36 గంటల్లో తొలగించాలి. 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తెస్తామని హామీ మీరివ్వాలి. ఛానెల్ పేరు ఒక్కటే రాస్తే చాలదు. ఒక్కో పోస్టు లింకు, నంబరు కనిపించే స్క్రీన్‌షాట్, ఆ నంబరు మీద ఉన్న చెల్లింపు రసీదు జతచేయాలి.