బయోడీజిల్‌కి ఏది మేలు: తవుడా, కాఫీ పిప్పా, వంటనూనె రిఫైనరీ మడ్డా?

మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో మిగిలిపోయే సరుకుతో బయోడీజిల్ చేద్దామనుకునేవాళ్లు ముందుగా అడిగేది "ఇందులో నూనె ఎంత?" అని. నన్నడిగితే, తడి ఎంత, ఆమ్లం ఎంత అన్నవి ముందు తేల్చుకోవాలి. డబ్బంతా అక్కడే కరిగిపోతుంది.

తవుడులో నూనె 15 నుంచి 20 శాతం దాకా ఉంటుంది. చిక్కేమిటంటే, బియ్యం పాలిష్ పట్టగానే అందులోని లైపేజ్ ఎంజైమ్ నూనెను విడగొట్టడం మొదలుపెడుతుంది. నిల్వ ఉంచేకొద్దీ ఫ్రీ ఫ్యాటీ యాసిడ్లు, అంటే నూనె విడిపోగా వచ్చే ఆమ్లాలు, పెరుగుతాయి. అలాంటి నూనెలో, బయోడీజిల్ కోసం మామూలుగా చేసినట్టు, నేరుగా మిథనాల్, కాస్టిక్ సోడా కలిపారో, అడుగున గ్లిజరిన్, పైన ఇంధనం అని రెండు పొరలుగా విడిపోవాల్సింది కాస్తా చిక్కటి సబ్బు గుజ్జయి కూర్చుంటుంది. యాసిడ్లు ఒక శాతం లోపుంటేనే కాస్టిక్ పద్ధతి సాఫీగా సాగుతుంది. అంతకు మించితే ముందు సల్ఫ్యూరిక్ యాసిడ్ సాయంతో వాటిని ఎస్టర్లుగా (బయోడీజిల్ అంటే ఇవే) మార్చి, నీరు తీసేసి, ఆ తర్వాతే కాస్టిక్ వాడాలి. పాడైన తవుడుకి ఈ శ్రమ పడొచ్చు. తాజా తవుడు మాత్రం వంటనూనెకే పోవాలి. తినదగ్గ నూనెను ఇంజన్‌లో పోయడానికి నాకు మనసొప్పదు.

కాఫీ పిప్పిలో, ఎండాక, 10 నుంచి 15 శాతం నూనె. కానీ వచ్చేటప్పుడు సగానికి పైగా నీళ్లే. ఎండబెట్టాలి, హెక్సేన్ అనే సాల్వెంట్‌తో (నూనెను కరిగించుకునే ద్రవం) నూనె తీయాలి, ఆ హెక్సేన్‌ను మళ్లీ రాబట్టుకోవాలి. ఇన్‌స్టంట్ కాఫీ ఫ్యాక్టరీలో వేడి వృథాగా పోతుంటే ఆలోచించొచ్చు. అక్కడక్కడా పోగుచేసి లారీల్లో తెస్తామంటే వద్దనే చెబుతాను. మోసేది నీళ్లనే కదా!

నా ఓటు రిఫైనరీ మడ్డికి, అంటే సోప్‌స్టాక్‌కి. వంటనూనె రిఫైనరీలో ముడి నూనెలోని ఆమ్లాలను కాస్టిక్‌తో తీసేసినప్పుడు మిగిలేదిది. యాసిడ్ పోసి వేడిచేస్తే నూనె పైకి తేలుతుంది. దాన్నే యాసిడ్ ఆయిల్ అంటారు. ఇందులో సగానికి పైగా ఫ్రీ ఫ్యాటీ యాసిడ్లే ఉండొచ్చు కాబట్టి సల్ఫ్యూరిక్ యాసిడ్ దశ తప్పదు, రంగు పోవాలంటే చివర్లో డిస్టిలేషన్ కూడా కావాలి. అయినా సాల్వెంట్ గొడవ లేదు, సరుకంతా ఒకేచోట దొరుకుతుంది, తిండికి పోటీ కాదు. సబ్బుల తయారీదారులు మాత్రం పోటీకొస్తారు. ఆమ్లపు మురుగునీటిని శుద్ధి చేసే ఖర్చును మొదటి రోజే లెక్కలో వేసుకోవాలి.

ఊక, చెరకు పిప్పిలో చెప్పుకోదగ్గ నూనె లేదు, అవి బాయిలర్‌కే. మడ్డికి బేరం కుదుర్చుకునే ముందు వేర్వేరు రోజుల శాంపిళ్లు తెప్పించి, ఒక్కోదాంట్లో ఆమ్లం ఎంతో టైట్రేషన్ చేయించండి.