హాల్లో ఏం వేయించాలి: టైల్సా, గ్రానైటా, తాండూరు బండలా?

ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు ఎవరు కలిసినా మాట తిరిగి తిరిగి ఇక్కడికే వస్తోంది: "హాల్లో ఏం వేయించమంటారు?" ఈమధ్య మా హాల్లో తాండూరు నీలం బండలు వేయించినప్పటి నుంచీ ఇంకా ఎక్కువమంది అడుగుతున్నారు. "ఈ రోజుల్లో కూడా నాపరాళ్లేంటండీ?" అని ఆశ్చర్యపోతున్నవాళ్లూ ఉన్నారు. విడివిడిగా చెప్పేకంటే అందరికీ కలిపి ఒకచోట రాస్తే నయమనిపించింది.

షాపులో అందరూ చూసేది రంగు, మెరుపు, అడుగు రేటు. నేను చూసేది వేరు. పదిహేనేళ్ల తర్వాత ఆ నేల పాడైతే, తవ్వి పారెయ్యకుండా అక్కడికక్కడే బాగుచేసుకోగలమా? మన హాలు అలంకరణకి ఉండే గది కాదు కదా. బీరువాలు, మంచాలు జరుపుతాం, పండక్కి బంతి వేసి కిందే భోజనాలు పెడతాం, ఎండాకాలం చాపలు పరిచి పడుకుంటాం. ఎంత జాగ్రత్తపడ్డా ఏదో ఒకరోజు ఇనప వస్తువు చేజారుతుంది, నూనె ఒలుకుతుంది. ఏం వేయించినా దెబ్బ తప్పదు గనక, దెబ్బ తిన్నాక ఏమవుతుందన్నదే నాకు ముఖ్యం.

ముందు టైల్స్ సంగతి. ఇప్పుడు హాల్లోకి ఎక్కువమంది వేయించేది విట్రిఫైడ్ టైల్సే, అంటే బాగా వేడిమీద గాజులా గట్టిపడేదాకా కాల్చినవి. వాటిలో జీవీటీ (గ్లేజ్డ్ విట్రిఫైడ్ టైల్) అనేదానికి రంగూ డిజైనూ పైన పలుచటి పొరలోనే ఉంటాయి. మూల చిట్లితే లోపలి మట్టిరంగు బయటపడుతుంది. రెండు పొరలు కలిపి నొక్కి చేసే డబుల్ చార్జ్ రకానికి పైపొర మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి గీతలకి, అరుగుదలకి బాగా తట్టుకుంటుంది. డిజైన్లు తక్కువైనా హాలుకి అదే మేలు.

టైల్స్‌తో అసలు బాధ గీతలు కాదు, లేచిపోవడం. మా పెద్దమ్మ వాళ్ల ఫ్లాట్‌లో ఒక చలికాలం ఉదయం టపటపమని పగిలిన చప్పుడైతే వంటింట్లో కుక్కరేమో అనుకుని పరిగెత్తారట. చూస్తే హాలు నడిమధ్య రెండు టైల్స్ ఎదురెదురుగా గుడారంలా లేచి నిలబడ్డాయి. మర్నాటికి ఆ వరసంతా కదిలింది. మేస్త్రీ వచ్చి రూపాయి బిళ్లతో తట్టుకుంటూ వెళ్తే సగం హాలు డొల్ల చప్పుడే.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. విట్రిఫైడ్ టైల్ అర శాతం కంటే ఎక్కువ నీరు పీల్చదు. మరక పట్టకపోవడానికి కారణం అదే, సిమెంటు మాలుకి సరిగ్గా అంటుకోకపోవడానికీ అదే. పైగా మన మేస్త్రీలు చాలామంది సందు లేకుండా బిగుతుగా పేరుస్తారు, చూడ్డానికి అందంగా ఉంటుందని. ఎండకీ చలికీ టైలూ, కింది స్లాబూ ఒకే తీరుగా కదలవు. సర్దుకోవడానికి చోటు లేకపోతే పైకి లేవడమే. కాబట్టి టైల్స్ వేయించేవాళ్లు మూడు విషయాల్లో మొహమాటపడకండి: కింద టైల్ అడ్హెసివ్ (టైల్స్ అతికించే జిగురు మాలు) వాడాలి, టైలుకీ టైలుకీ మధ్య స్పేసర్ అనే చిన్న ప్లాస్టిక్ ముక్క పెట్టి రెండు మూడు మిల్లీమీటర్లు వదలాలి, గోడ దగ్గర స్కర్టింగ్ కింద కాస్త ఖాళీ ఉంచాలి.

పెద్దమ్మ వాళ్లకి అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఆ డిజైన్ ఎక్కడా దొరకలేదు. టైల్స్‌లో ఎక్కువ భాగం గుజరాత్‌లోని మోర్బీ నుంచే వస్తాయి, మోడళ్లు ఎప్పటికప్పుడు మారిపోతుంటాయి. అదే మోడల్ దొరికినా బ్యాచ్ మారితే ఛాయ కలవదు. చివరికి మధ్యలో వేరే రంగు వేసి, కావాలనే పెట్టించిన డిజైన్ అన్నట్టు సర్దారు. వచ్చినవాళ్ల కళ్లు మాత్రం ముందు అక్కడికే పోతాయి. టైలుని బాగుచెయ్యడమంటూ లేదు, మార్చడమే. నేను వద్దనుకున్నది ఈ ఒక్క కారణంతోనే.

అలాగని టైల్స్‌ని తీసిపారెయ్యలేం. బరువు లెక్క చూడండి: 20 మిల్లీమీటర్ల రాయి చదరపు అడుగుకి దాదాపు ఐదు కిలోలు, టైల్ రెండు కిలోలు. 250 చదరపు అడుగుల హాలుకి మాలు కాకుండానే 750 కిలోల తేడా. పై అంతస్తుల్లో ఫ్లాట్లకి ఇది చిన్న విషయం కాదు. పాత గచ్చు గట్టిగా ఉంటే దానిమీదే టైల్ అతికించొచ్చు. రాయి అయితే మాలుతో కలిపి మూడంగుళాల దాకా ఎత్తు పెరుగుతుంది, తలుపులన్నీ కింద కొయ్యాల్సిందే. టైల్స్‌తో పని త్వరగా తేలిపోతుంది, పాలిష్ గొడవ ఉండదు.

గ్రానైట్ విషయంలో మనం అదృష్టవంతులం. ప్రకాశం జిల్లా చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ, కరీంనగర్ టాన్ బ్రౌన్ విదేశాలకి వెళ్లే రాళ్లు. మనకి ఇంటిపక్కవే. నిమ్మరసం, చింతపండు పులుసు దాన్నేమీ చెయ్యలేవు. ఇసుక రేణువులు కూడా సులువుగా గీత పెట్టలేవు. అసలు పాడవడమే అరుదు. నా ప్రశ్నకి అదీ ఒక రకమైన జవాబే.

కానీ రెండు ఇబ్బందులు ఉన్నాయి. ఫ్యాక్టరీలో అద్దంలా పాలిష్ చేసి వస్తుంది కాబట్టి నీళ్లు పడితే కాలు నిలవదు. ఇంట్లో పెద్దవాళ్లుంటే తోలులా కాస్త గరుకుగా ఉండే లెదర్ ఫినిష్ అడగండి. రెండోది, నల్లరాయి మీద ప్రతి అడుగూ, ప్రతి దుమ్ము రేణువూ కనిపిస్తుంది. గెలాక్సీ మెట్లకీ వంటగట్టుకీ బాగుంటుంది, హాలంతా పరిస్తే పొద్దస్తమానం తుడవడమే పని. హాలుకి లేత బూడిదరంగు రకాలు నయం. తక్కువ రేటుకి కటిక నలుపు ఇస్తామంటే మాత్రం దూదిని నెయిల్ పాలిష్ తుడిచే అసిటోన్‌లో ముంచి రుద్ది చూడండి. దూదికి నలుపు అంటితే అది రంగు పట్టించిన రాయి.

మార్బుల్ గురించి ఎక్కువ చెప్పను. ఖరీదైన ఇటాలియన్ రకాలు మన ఇళ్లకి పడవని నా గట్టి అభిప్రాయం. పసుపు, కుంకుమ, నూనె, పులుసు లేని హాలు మనకి ఎక్కడుంది? అంత డబ్బు పోసి రోజూ భయపడుతూ నడవడం దేనికి?

ఇక నేను ఎంచుకున్న తాండూరు. వికారాబాద్ జిల్లా తాండూరు చుట్టుపక్కల గనుల్లో దొరికే సున్నపురాయి ఇది, నీలం, పసుపు రంగుల్లో. కర్నూలు, నంద్యాల వైపు వాళ్లకి బేతంచెర్ల బండలు ఉన్నాయి, జాతి ఒకటే. రాయి చవకే, కానీ ఆ చవక చూసి మోసపోవద్దు. మాలు, కూలి, పాలిష్ అన్నీ కలిపితే మధ్యరకం టైల్స్‌కి దగ్గరగానే వస్తుంది. డబ్బు మిగులుతుందని మాత్రం దీన్ని ఎంచుకోవద్దు.

కొనేటప్పుడు బండని నిలబెట్టి తట్టండి. ఖంగుమంటే మంచిది. అంచు చూడండి, అక్కడ పొరలు విడుతున్నట్టుంటే కొన్నాళ్లకి పెచ్చులు లేస్తుంది. మిషన్‌తో కోసినవే తీసుకోండి, జాయింట్లు సన్నగా వస్తాయి.

వేసిన కొత్తలో చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. గరుకుగా, సిమెంటు మరకలతో, ఒక బండ ఎత్తు ఒక బండ పల్లం. అసలు పని పాలిష్ మిషన్ దిగాక మొదలవుతుంది. మిషన్‌కి బిగించే మొదటి అరగదీత రాయి ఎగుడుదిగుళ్లు కోసేస్తుంది, హాలంతా చీలమండ దాకా చిమ్మే బూడిదరంగు బురద. తర్వాత ఒక్కో రాయీ సన్నబడుతూ పోతుంది, మూలల్లో చేతి మిషన్. ఆఖర్న కడిగి ఆరబెడితే జాయింట్లు కాలికి తగలకుండా నేలంతా ఒకే పలకలా తేలింది. మా మేస్త్రీకి అద్దంలా చెయ్యాలని ఉబలాటం, నేనే అంతకు ముందే ఆపించాను. సన్నటి నిగారింపు చాలు, తడిలో జారుడూ తక్కువ. గోడలకి బురద చిమ్ముతుంది కాబట్టి పెయింట్ ఆఖరి కోటు ఈ పని అయ్యాకే వేయించండి.

దీని బలహీనత దాచను. సున్నపురాయికి పులుపు పడదు. నిమ్మరసం చుక్క పడి ఆరితే తెల్లటి మచ్చ మిగులుతుంది. బాత్‌రూం యాసిడ్ ఒలికిందంటే అక్కడ నురగ వచ్చి రాయిని తినేస్తుంది. గృహప్రవేశం తొందరలో సిమెంటు మరకలు పోతాయని యాసిడ్‌తో కడగబోయే కూలీలని గట్టిగా ఆపాలి. నూనె కూడా పీలుస్తుంది, అది ఇంకకుండా పైన పూసే సీలర్ కొట్టించాలి. అయినా నేను దీనివైపే మొగ్గాను. పులుపు మచ్చలు పైపైనే ఉంటాయి, మిషన్ మళ్లీ ఒకసారి తిప్పితే పోతాయి. రాయి పైనుంచి కింది దాకా ఒకటే గనక అరగదీసినకొద్దీ కొత్తదవుతుంది. మా ఊళ్లో పాత ఇళ్లలో ఏళ్ల తరబడి నడిచి నల్లబడ్డ బండల్ని పాలిష్ పట్టించుకుని మళ్లీ వాడుకుంటున్నవాళ్లు ఉన్నారు.

మిగతావాటి మాట క్లుప్తంగా. చెక్క లామినేట్‌కి నీళ్లు పడవు, రోజూ తడిగుడ్డ పెట్టే హాల్లో ఉబ్బిపోతుంది. వినైల్ అనే ప్లాస్టిక్ పరుపు అద్దె ఇంటికి సరే. తమిళనాడు చెట్టినాడులో చేత్తో చేసే ఆత్తంగుడి సిమెంటు టైల్స్ కళ్లకి పండగే, వేసే పనివాళ్లు దొరికితే ఆలోచించండి. ఎర్రరంగు కలిపిన సిమెంటు గచ్చు, అదే రెడ్ ఆక్సైడ్, కూడా అంతే.

సొంత స్థలంలో ఇల్లయితే, కింది అంతస్తయితే తాండూరు గానీ బేతంచెర్ల గానీ వేయించండి, నాలుగైదు బండలు అదనంగా తెచ్చి పెట్టుకోండి. పాలిష్ రోత మాకొద్దంటే లేతరంగు గ్రానైట్. పై అంతస్తు ఫ్లాట్‌కి టైల్సే సరైనవి, అడ్హెసివ్‌తో, సందులతో, ఒకటి రెండు పెట్టెలు అటక మీద దాచుకుని. 

బిల్డర్ ముందే టైల్స్ వేసేసిన ఫ్లాట్ కొంటున్నామని, పగలగొట్టించాలా అని అడిగినవాళ్లూ ఉన్నారు. అక్కర్లేదు. సామాను దించకముందు, ఖాళీ ఫ్లాట్‌లోనే ప్రతి టైల్‌నీ నాణెంతో తట్టుకుంటూ వెళ్లండి. డొల్లగా మోగినవాటి మీద చాక్‌పీసుతో గుర్తుపెట్టి, ఫోటోలు తీసి, రిజిస్ట్రేషన్‌కి ముందే మార్పించుకోండి. అవి ఊడదీసేటప్పుడు పక్కనే ఉండి, కింద మాలు ఎలా ఉందో, సందులు వదిలారో లేదో చూసుకోండి.