బెజవాడ, గుంటూరు: పని చెడకుండా ఊరు చూడాలంటే

నెలలో 11వ తారీఖుకీ 20వ తారీఖుకీ మధ్య రోజులే నావి. జీఎస్టీలో 11న అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1, 20న పన్ను లెక్క తేల్చి కట్టే 3బి వేయాలి. చిన్న షాపుల రిటర్నులు వేసేవాళ్లకి పెళ్లయినా, పుణ్యక్షేత్రమైనా ఈ రెండు తారీఖుల మధ్యే కుదరాలి. అప్పుడు కూడా పని పూర్తిగా ఆగదు. 14న 2బి, అంటే మనకి అమ్మినవాళ్లు చూపించిన బిల్లుల లిస్టు, వస్తుంది, కొనుగోలు బిల్లులు దానితో సరిచూడాలి. పార్టీలకి, అంటే నేను రిటర్నులు వేసే షాపులవాళ్లకి, ఫోన్లు చేసి తేడాలు అడగాలి. అందుకే ఎక్కడికి వెళ్లినా నేను ముందు పట్టించుకునేది బస గురించే. గది బాగా కుదిరితే పనీ అవుతుంది, ఊరూ చూస్తాం. కుదరకపోతే రెండూ చెడతాయి.

బెజవాడలో బస అంటే నా మొదటి ఓటు 24 గంటల చెక్ అవుట్ ఉన్న లాడ్జీలకి. బస్టాండు చుట్టుపక్కలా, గవర్నర్‌పేట, గాంధీనగర్ వైపూ ఇలాంటివి దొరుకుతాయి. తెల్లవారుజామున 5కి దిగితే మర్నాడు 5 దాకా గది మనదే. చాలా హోటళ్లలో మధ్యాహ్నం 12 లెక్క ఉంటుంది. రాత్రి రైలెక్కి పొద్దున్నే దిగేవాళ్లకి అది రెండు విధాలా నష్టం. దిగగానే గది ఇవ్వరు, మర్నాడు సరిగ్గా పని ఊపందుకున్న వేళకి ఖాళీ చేయమంటారు. హంగులు తక్కువైనా 24 గంటల లాడ్జీయే మేలని గట్టిగా చెప్తాను.

రెండోది బల్ల. ఫోన్‌లో బుక్ చేసేటప్పుడే అడుగుతాను.

"గదిలో రాసుకోడానికి బల్ల ఉందా బాబూ?"

"టీవీ కింద ఉంది మేడమ్."

"దాని పక్కన ప్లగ్గు పాయింటుందా?"

"మంచం పక్కన ఉందండీ. ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఇస్తాం."

ఈ నాలుగు మాటలతో సగం టెన్షన్ పోతుంది. మంచం మీద కూర్చుని ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుంటే ఓ గంటకే నడుం పట్టేస్తుంది, ఆపైన నిద్ర ముంచుకొస్తుంది. వైఫై మాట మాత్రం ఎవరు చెప్పినా నమ్మను. గాంధీనగర్‌లో ఒక లాడ్జీలో వైఫై ఉందనే చెప్పారు, తీరా చూస్తే అది వరండా చివర మెట్ల దగ్గరే అందింది. ఫోన్ హాట్‌స్పాట్‌నే నమ్ముకుని, గదిలో అడుగుపెట్టగానే సిగ్నల్ చూసి, బాగోకపోతే బ్యాగు విప్పకముందే పై అంతస్తులో గది అడగడం మంచిది.

రైల్వే స్టేషన్‌లో రిటైరింగ్ రూములు కూడా ఉన్నాయి, టికెట్ పీఎన్ఆర్‌తో ఐఆర్‌సీటీసీలోనే బుక్ చేసుకోవచ్చు. స్నానానికీ, నిద్రకీ సరే. అనౌన్స్‌మెంట్ల మధ్య పార్టీతో పన్ను లెక్కలు మాట్లాడటం కష్టం.

బెజవాడ అసలు అందమంతా పొద్దున్నే. బస్టాండు దగ్గర దిగినవాళ్లకి కృష్ణ ఒడ్డు నడక దూరం. పద్మావతి ఘాట్ మీదుగా కాసేపు నడిచి, ఓపికుంటే ప్రకాశం బ్యారేజీ దాకా వెళ్లొచ్చు. 1957లో కట్టిన ఈ బ్యారేజీ పొడవు కిలోమీటరుకి పైనే, 70 గేట్లు. భారీ వాహనాలని పోనివ్వరు కాబట్టి తెల్లవారి వేళ లారీల మోత ఉండదు. వాకింగ్‌కి వచ్చినవాళ్లు పక్కగా నడుస్తూ కబుర్లు చెప్పుకుంటుంటారు. గేట్లు దించి ఉన్నప్పుడు పైవైపు నిండుగా నీళ్లు, కిందివైపు ఇసుక మేటలూ మధ్యలో చిన్న పాయలూ కనిపిస్తాయి. కుడి చేతివైపు నీళ్లు, ఎడమ చేతివైపు ఇసుక చూసుకుంటూ ఉండవల్లి వైపు కొంత దూరం నడిచి వెనక్కి వస్తే, ఇంటి దగ్గర చేసే నడక ఇక్కడా తప్పలేదన్న తృప్తి రోజంతా ఉంటుంది. ప్రయాణంలో దినచర్య నిలబడాలంటే ఈ ఒక్కటీ వదలకూడదని నా నమ్మకం. నడక మానేసిన రోజున టిఫిన్ ఆలస్యమవుతుంది, దాంతోపాటే పనీ వెనక్కి పోతుంది.

టిఫిన్‌కి గాంధీనగర్ బాబాయ్ హోటల్‌లో వెన్నపూస ఇడ్లీ తినండి. పేరు విని వెళ్లినా నిరాశపడరు. త్వరగా వెళితే నిలబడాల్సిన పని ఉండదు. 8 నుంచి 11 దాకా గదిలోనే పని. ఆ మూడు గంటలూ గుడి, షాపింగ్, చుట్టాలు ఏవీ పెట్టుకోను. దర్శనం సాయంత్రానికి జరుపుతాను. అమ్మవారు ఎటూ పోదు, పార్టీ మాత్రం 11 దాటితే షాపు బేరంలో పడి ఫోన్ ఎత్తడు.

మధ్యాహ్నం సంగతే అసలు సమస్య. ఏప్రిల్, మే నెలల్లో బెజవాడ ఎండలో బయట తిరగడమనే ఆలోచనే వద్దు. ఫుల్ మీల్స్ తింటే పని గోవిందా. పప్పు, గోంగూర, నెయ్యి అన్నీ అడిగి మరీ వడ్డిస్తారు, కాదనలేం. పని ఉన్న రోజున కర్రీ పాయింట్ నుంచి ఒక కూర, పప్పు, చిన్న అన్నం ప్యాకెట్ తెచ్చుకుంటాను. కడుపుకి తేలిక, ఖర్చు కూడా తక్కువ.

గదిలో ఉక్కపోస్తే స్టడీ హాల్‌కి వెళ్తాను. గ్రూప్స్, బ్యాంకు పరీక్షలకి చదివే పిల్లల కోసం పెట్టినవి ఇవి. నెల లెక్కన ఇస్తారు, సీటు ఖాళీ ఉంటే కొన్నిచోట్ల రోజుకీ ఇస్తారు. ఏసీ, తలా ఒక చిన్న క్యాబిన్, ప్లగ్గు, నిశ్శబ్దం. ఫోన్ మాత్రం బయటికి వచ్చి మాట్లాడాలి. కో-వర్కింగ్ అని బోర్డు పెట్టిన చోట్ల కంటే నాకు ఇక్కడే పని సాగుతుంది. చుట్టూ అందరూ తలవంచుకుని చదువుతుంటే మన చెయ్యి ఫోన్ మీదకి పోదు. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టిన ఊరు బెజవాడ. గ్రంథాలయోద్యమం నడిపిన అయ్యంకి వెంకటరమణయ్య గారి ఊళ్లో కూర్చుని చదువుకోడానికి పిల్లలు అద్దె కట్టాల్సి రావడం నాకు బాధగానే ఉంటుంది. పేటకో గ్రంథాలయంలో ఇలాంటి గది ఒకటి ఉంటే ఎంత బాగుండునో.

నాలుగైదు రోజులు ఉండాలంటే నేను గుంటూరుకే మారతాను. బస్టాండులో కౌంటర్ దగ్గర టికెట్ తీసుకుని నాన్‌స్టాప్ ఎక్కితే గంట, అటూ ఇటూ. బ్రాడీపేటలో దారి అడిగే పనే ఉండదు. 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. మెస్సు, ఇస్త్రీ బండి, జిరాక్స్ షాపు, మందుల షాపు, స్టడీ హాల్ అన్నీ కాలినడకనే. ఒకే ఇస్త్రీ బండికి బట్టలు వేసి, ఒకే మెస్సులో తింటుంటే రెండోరోజుకే ఆ వీధి అలవాటైపోతుంది. మెస్సు పిన్నిగారు "కారం తగ్గించమన్నావు కదమ్మా, చారు పక్కన పెట్టా" అంటారు. పరాయి ఊళ్లో దినచర్య కుదిరిందనడానికి నాకు ఇంతకంటే గుర్తు అక్కర్లేదు. అరండల్‌పేటలోనూ లైన్ల పద్ధతే, కానీ ఆసుపత్రులకి వచ్చేపోయేవాళ్లతో రద్దీ ఎక్కువ. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి సీజన్‌లో యార్డు వైపు మాత్రం బస తీసుకోవద్దు. ఘాటుకి తుమ్ములు, దగ్గు, రోడ్డు పొడుగునా టిక్కీల (మిర్చి బస్తాల) లారీలు.

చూడటానికైతే బెజవాడ, పనికైతే గుంటూరు. సాయంత్రం 5కి ల్యాప్‌టాప్ మూసి బస్సెక్కితే మంగళగిరిలో దిగి పానకాల స్వామి కొండ కింద గుడికి వెళ్లి, చేనేత చీరలు చూసి రాత్రి భోజనానికి తిరిగి రావచ్చు. కొండ మీద గుడికి పొద్దున పూటే వెళ్లాలి, సాయంత్రం ఉండదు.

దసరా నవరాత్రుల్లో, ముఖ్యంగా మూలా నక్షత్రం రోజున, బెజవాడలో గది దొరకడం గగనం. ఇంద్రకీలాద్రి చుట్టూ ట్రాఫిక్ మళ్లిస్తారు, ఆటోవాళ్లు అడిగిందే రేటు. ఆ రోజుల్లో పని కూడా ఉన్నవాళ్లు గుంటూరులోనే గది తీసుకుని, చీకటితోనే బయల్దేరి దర్శనం చేసుకుని రావడం నయం. గది మాత్రం నెల ముందే చెప్పుకోండి, బల్ల సంగతి కూడా అప్పుడే అడగండి.