ఏ కూర వస్తుందో చెప్పని వారపు బుట్ట: ఒక సమీక్ష

తెనాలి, దుగ్గిరాల పక్కనున్న కృష్ణా లంక గ్రామాల్లో ప్రకృతి వ్యవసాయం చేసే కొందరు రైతులు కలిసి, విజయవాడలోని ఇళ్లకు వారానికొకసారి కూరగాయల బుట్టను పంపుతున్నారు. డబ్బు నెల ముందే కట్టాలి. మనం ఎంచుకోగలిగేది బుట్ట పరిమాణాన్ని మాత్రమే. అందులో ఏముంటుందనేది ఆ వారం పొలంలో కోతకు వచ్చిన సరుకును బట్టి రైతులే నిర్ణయిస్తారు. ఏడు కిలోల పెద్ద బుట్ట 700 రూపాయలు, నాలుగు కిలోల చిన్న బుట్ట 450 రూపాయలు. అంతే బరువు కూరగాయలు రైతుబజారులో ఇంతకన్నా తక్కువకే దొరుకుతాయి కాబట్టి, ధర ఒక్కటే చూసుకునేవారికి ఈ ఏర్పాటు నచ్చకపోవచ్చు. మా ఇంట్లో దీన్ని కొనసాగించడానికి కారణం వేరు. బుట్ట రావడం మొదలైనప్పటి నుంచి మా వంట మారింది.

బుట్టలో ఇంత వైవిధ్యం ఎలా వస్తోందో ముందు చెప్పాలి. రాష్ట్రంలో 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం తరువాత, ఒకే మడిలో పలు పంటలు కలిపి వేసే పద్ధతి చాలా ఊళ్లలో అలవాటైంది. పసుపు, కంద, అరటి ఆ ప్రాంతంలో ఎప్పటి నుంచో ఉన్న పంటలే. వాటి మధ్యన ఆకుకూరలు, గట్ల మీద అవిసె, మునగ, పందిళ్ల మీద పాదులు పెంచుతారు. ఇలా పండేవి రకాలుగా చూస్తే ఎక్కువ, బరువుగా చూస్తే తక్కువ. నాలుగు కట్టల అవిసె ఆకును, ఒక గంపెడు వాక్కాయలను మార్కెట్‌కు తీసుకెళితే ఆటో ఖర్చు కూడా రాదు. టోకు వ్యాపారి పట్టించుకోని ఆ కొద్దిపాటి సరుకే నేరుగా మన గుమ్మంలోకి వస్తోంది. ముందే డబ్బు కట్టి పొలం ఇచ్చినదాన్ని తీసుకునే ఇలాంటి ఒప్పందాలు జపాన్‌లో 1970లలో తేకెయ్ అనే పేరుతో వ్యాపించాయి. వంకాయ, బెండకాయ, దొండకాయ, టమాటాల చుట్టూ తిరిగే నగరపు వంటింటికి ఇది ఎంత అవసరమో, బుట్ట విప్పిన మొదటి రోజే అర్థమవుతుంది.

తెలియని కూర వచ్చినప్పుడు ఏం చేయాలన్నది అసలు ప్రశ్న. మేము ఒక నియమం పెట్టుకున్నాం: పదార్థం కొత్తదైతే పద్ధతి పాతదై ఉండాలి, పద్ధతి కొత్తదైతే పదార్థం పాతదై ఉండాలి. తెలుగు వంటలో పద్ధతులు కొన్నే ఉన్నా, వాటిలో ఒదిగే పదార్థాలకు లెక్క లేదు. పుల్లని ఆకు ఏదైనా పప్పులోకి వెళుతుంది. నీరు ఎక్కువగా ఉన్న కాయ పెరుగుపచ్చడికో పులుసుకో పనికొస్తుంది. వగరు, చేదు ఉన్నవి నువ్వులు, చింతపండు, ఎండుమిరపకాయలు తోడైతే రోటిపచ్చడిగా నిలబడతాయి. ఈ దృష్టితో చూస్తే బుట్టలో వచ్చేది ఏదైనా ఇంట్లో ఎవరికీ బెదురు పుట్టదు.

వాక్కాయల వారం దీనికి మంచి ఉదాహరణ. వానలు మొదలయ్యాక వచ్చే ఈ చిన్న పుల్లని కాయలను మా పిల్లలు అంతకుముందు చూడలేదు. కోస్తే పాలు కారి చేతికి అంటుకుంటాయి కాబట్టి, చేతులకు నూనె రాసుకుని, రెండుగా చీల్చి గింజలు తీసేయాలి. మొదటి రోజు కందిపప్పులో వేశాం. అది అందరికీ తెలిసిన వంటే. మిగిలిన వాటిని పచ్చిమిరపకాయలతో కచ్చాపచ్చాగా నూరి, ఇంగువ పోపులో మగ్గించి, చింతపండు లేకుండా పులిహోర కలిపాం. పులుపు నాలుకకు చురుక్కున తగిలి, వెంటనే తేలికగా దిగిపోవడం వల్ల పిల్లలు మళ్లీ వడ్డించమన్నారు. గోదావరి జిల్లాల్లో రొయ్యలతో చింతకాయ వండినట్టుగానే వాక్కాయతోనూ వండవచ్చునని మా అత్తగారు సూచించారు. ఆ ఇగురు ఈ ఏడాది మా ఇంట వండిన వాటన్నిటిలోకీ ఉత్తమమైనదని నా అభిప్రాయం.

కంద వచ్చిన వారాల్లో బచ్చలి కూడా అదే బుట్టలో ఉండడం రైతుల వివేచనను చూపిస్తుంది. కందలో ఉండే సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలే దురదకు కారణం. పుల్లని చింతపండు గుజ్జు చేర్చి మెత్తగా ఉడికించడం అందుకే. దించిన తరువాతే నూరిన ఆవ కలపాలి, పొయ్యి మీద ఉండగా కలిపితే చేదెక్కుతుంది. కోనసీమ పెళ్లి భోజనాల్లో తిన్న కందబచ్చలిని ఇంట్లో పిల్లల చేత తినిపించగలమని నేను అనుకోలేదు. కూర మిగిలితే మరునాడు దాన్ని ఆరబెట్టి, కొద్దిగా బియ్యప్పిండి కలిపి పెనం మీద చిన్న బిళ్లలుగా కాల్చుతున్నాం. వాటి కోసమే పిల్లలు కూరను కాస్త మిగల్చమంటారు.

అరటిదూట శ్రమతో కూడిన పని. చక్రాలుగా తరుగుతూ, ప్రతి ముక్కకూ వచ్చే పీచును వేలికి చుట్టి తీసి, నల్లబడకుండా మజ్జిగలో వేయాలి. ఇది ఒక్కరే చేస్తే విసుగే. నలుగురు కూర్చుంటే మాత్రం పని తొందరగా తెములుతుంది, ఆ పీచు తీసే వంతు కోసం చిన్నవాళ్లు పోటీ పడతారు. పెరుగుపచ్చడి, ఆవపెట్టిన కూర రెండూ బాగుంటాయి.

కొత్త పద్ధతి పాత పదార్థానికి కుదిరిన సందర్భం పసుపు ఆకులది. ఆశ్వయుజంలో ఒకసారి బుట్టలో కూరలను చుట్టడానికి పచ్చి పసుపు ఆకులను వాడారు. వాటిని పారేయడానికి మనసొప్పలేదు. పనసాకు బుట్టల్లో ఇడ్లీ పిండి పోసి ఉడికించే కోనసీమ పొట్టిక్కలు గుర్తుకు వచ్చి, ఈ పసుపు ఆకులను గిన్నెల అడుగున పరిచి ఇడ్లీ వేశాం. మూత తీయగానే వచ్చిన పరిమళానికి ఇల్లంతా వంటింట్లోకి చేరింది. కొబ్బరి, బెల్లం మధ్యలో పెట్టి మడిచి ఉడికించినవి మరింత రుచిగా వచ్చాయి. ఇది డబ్బు పెట్టి కొన్న సరుకు కాదు, చుట్టిన ఆకు. అయినా ఆ వారం బుట్టలో మాకు అన్నిటికన్నా నచ్చినది అదే.

లోపాలు లేకపోలేదు. వాటిలో మొదటిది తీవ్రమైనది: ఆకుకూరల మీద పేరు చీటీ ఉండదు. గట్ల మీద మొలిచే ఆకులను గుర్తుపట్టే పెద్దవారు అన్ని ఇళ్లలోనూ ఉండరు. తెలియని ఆకును ఊహతో వండడం ప్రమాదం కనుక, పేరు తెలిసేదాకా దాన్ని పక్కన పెట్టాలి. ఫోన్ చేస్తే వెంటనే చెబుతున్నారు, కానీ ఆ పని వినియోగదారుడిది కాకూడదు. పేరు, శుభ్రం చేసే తీరు, వండే మార్గం ఒకటి రాసిన చిన్న కాగితం బుట్టలో పెడితే చాలు. రెండోది సర్దుబాటు. కంద, గుమ్మడి లాంటి బరువైనవి పైన పడి, వేసవిలో తోటకూర, చుక్కకూర నలిగి వచ్చాయి. అడిగినప్పుడు మరుసటి బుట్టలో అదనంగా ఇచ్చారన్నది నిజమే. మూడోది వేళ. సాయంత్రం ఐదుకీ ఎనిమిదికీ మధ్య ఎప్పుడైనా రావచ్చు, ఎనిమిదికి వచ్చిన రోజు ఆకు వలిచే ఓపిక ఎవరికీ మిగలదు.

తాజాదనానికి, రుచికి మాత్రం వంక పెట్టలేను. పొట్లకాయ నార పట్టకముందే కోస్తారు, బీరకాయ చేదు రాలేదు, దాని పొట్టుతో పచ్చడి చేయడానికి కూడా సందేహించనక్కర లేదు.

చేరదలచినవారు ముందు చిన్న బుట్టతో ఒక నెల చూడటం మంచిది. నలుగురున్న ఇంటికి అది సరిపోతుంది. పడని కూరలేమైనా ఉంటే చేరేటప్పుడే రాయించవచ్చు, వాటికి బదులు మరొకటి వేస్తారు. ఊరికి వెళ్లే వారం రెండు రోజుల ముందు చెబితే ఆ బుట్ట డబ్బును తరువాతి నెలలో సర్దుతారు. బుట్ట వచ్చిన రాత్రే ఆకుకూరలను వలిచి, పొడి గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. దుంపలు, గుమ్మడి వారం చివరి దాకా నిలుస్తాయి కనుక వాటిని వెనక్కి ఉంచుకోవచ్చు.